డౌన్‌లోడ్లు లెక్కపెడితే నిజం తేలుతుందా?



2021 జూన్ నెలాఖరు, జూలై మొదటి రోజుల్లో మన హైదరాబాద్ పేరు గణిత లోకంలో గట్టిగా వినిపించింది. 1859 నుంచి ఎవరికీ లొంగని 'రీమాన్ పరికల్పన'ను హైదరాబాద్ శాస్త్రవేత్త ఒకరు నిరూపించారని పత్రికల్లో, టీవీల్లో వార్తలు వచ్చాయి. క్లే గణిత సంస్థ వారు 2000 సంవత్సరంలో ఒక్కో సమస్యకు పది లక్షల డాలర్ల చొప్పున బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో ఇదొకటి. ఆయన పత్రం ఇంటర్నెట్‌లో ఐదేళ్లుగా ఉందని, వేల సంఖ్యలో డౌన్‌లోడ్ అయిందని కూడా ఆ వార్తల్లో ఉంది. ఈ రెండో మాట చదివిన వారికి 'అంతమంది చూశారంటే నిజమే అయ్యుంటుంది' అనిపించడం సహజం.

కానీ ఆ సమస్య నేటికీ క్లే సంస్థ జాబితాలో పరిష్కారం కాని సమస్యగానే ఉంది. వేల డౌన్‌లోడ్లు ఉండటమూ నిజమే, సమస్య తెగకపోవడమూ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యం? ఒక గణిత పత్రం ఎందరి కంట పడిందో ఎలా కొలుస్తారు? ఆ కొలత దేన్ని చెబుతుంది, దేన్ని చెప్పదు? ఈ పాఠంలో ఇవే తెలుసుకుందాం. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అర్థమయ్యేలా రాశాను. పరిశోధన చేస్తున్న మన పూర్వ విద్యార్థులకు కూడా ఇది పనికొస్తుందని ఆశ.

1. కొలత ఎలా మొదలైంది?

ఒక పరిశోధన పత్రం ఎంత ఉపయోగపడిందో తెలుసుకోవడానికి పాత పద్ధతి సైటేషన్లు లెక్కపెట్టడం. మీరు ఒక పత్రం రాస్తూ 'ఈ విషయం ఫలానా వారి పత్రం నుంచి తీసుకున్నాను' అని చివర రాస్తారు. అలా రాసిన ప్రతిసారీ ఆ పాత పత్రానికి ఒక సైటేషన్ వచ్చినట్లు. అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్ 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' తెచ్చి ఈ లెక్కను పెద్ద ఎత్తున మొదలుపెట్టారు.

గణితంలో ఈ పద్ధతి చాలా నెమ్మది. ఒక నిరూపణను చదివి అర్థం చేసుకోవడానికి నెలలు పడుతుంది. జర్నల్‌లో అచ్చయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి. ఆ తర్వాత గాని సైటేషన్లు రావు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త పత్రాలను అచ్చుకు ముందే ఇంటర్నెట్‌లో అందరికీ అందించే ఏర్పాటు చేశారు. అదే నేటి 'ఆర్కైవ్'. దానితో పత్రం రాసిన రోజుల్లోనే ప్రపంచమంతా చదవడానికి వీలైంది. అప్పటి నుంచి 'ఎంతమంది చూశారు? ఎంతమంది దించుకున్నారు? ఎక్కడెక్కడ మాట్లాడుకున్నారు?' అనే లెక్కల మీద ఆసక్తి పెరిగింది.

2010లో నలుగురు పరిశోధకులు సైటేషన్లతో పాటు ఇలాంటి కొలతలు కూడా వాడాలని ఒక ప్రకటన రాసి, వాటికి 'ఆల్ట్‌మెట్రిక్స్' అని పేరు పెట్టారు. 2011లో లండన్‌లో ఆల్ట్‌మెట్రిక్ అనే కంపెనీ మొదలైంది. అది పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. మనందరికీ హాల్ టికెట్ నంబరు ఉన్నట్లు, ఇప్పుడు అచ్చయ్యే పత్రాలకు డీఓఐ అనే శాశ్వత నంబరు ఉంటుంది. ఆర్కైవ్‌లో పెట్టిన పత్రానికీ ఒక నంబరు ఉంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాం వార్తల్లో, బ్లాగుల్లో, వికీపీడియాలో, సామాజిక మాధ్యమాల్లో ఆ నంబర్లను, వాటి లింకులను వెతుకుతుంది. దొరికిన ప్రతిదానికీ కొంత విలువ కట్టి కలుపుతుంది. వార్తకు 8, బ్లాగుకు 5, వికీపీడియాకు 3 మూల విలువలు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక పత్రం గురించి 5 వార్తలు, 2 బ్లాగు వ్యాసాలు వచ్చాయి, వికీపీడియాలోనూ ఆ పత్రం ప్రస్తావన ఉంది. అప్పుడు,

5 × 8 = 40
2 × 5 = 10
వికీపీడియా = 3
మొత్తం = 53

నిజమైన లెక్కలో ఇంకా కొన్ని సవరణలు చేస్తారు గాని పద్ధతి ఇదే. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ 5 వార్తలూ 'ఈ పత్రం తప్పు' అని రాసినా స్కోరు 53 గానే ఉంటుంది. ఈ లెక్కకు పొగడ్తకూ తెగడ్తకూ తేడా తెలియదు.

పాతబస్తీలో ఉండే మనకు దీన్ని చెప్పుకోవడం కష్టం కాదు. రంజాన్ రాత్రుల్లో పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల దుకాణం ముందు ఎంతమంది ఆగారో నిలబడి లెక్కపెట్టవచ్చు. ఆ లెక్క చాలా ఖచ్చితంగా కూడా ఉండవచ్చు. కానీ లోపల ఉన్న ముత్యం అసలుదో నకిలీదో చెప్పాలంటే, ముత్యం తెలిసినవారు దాన్ని చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. గుంపును లెక్కపెట్టడం ఒక పని, ముత్యాన్ని పరీక్షించడం మరో పని.

2. కాన్పూర్, 2002: చూశారు, సరిచూశారు కూడా

మన దేశపు గణిత పత్రాల్లో ఇంటర్నెట్ రోజుల్లో అందరికన్నా ఎక్కువ దృష్టిని ఆకర్షించిన వాటిలో ఒకటి కాన్పూర్ ఐఐటీ నుంచి వచ్చింది. 2002 ఆగస్టులో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో వేగంగా, ఏ అనుమానానికీ తావు లేకుండా తేల్చే పద్ధతి కనుగొన్నారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తి చేసుకున్న కుర్రవాళ్లు. పత్రం తొమ్మిది పేజీలే.

అమెరికన్ మేథమెటికల్ సొసైటీ వారి 'నోటీసెస్' పత్రిక 2003లో రాసినదాన్ని బట్టి, మొదటి పది రోజుల్లో ఆ వెబ్‌సైట్‌కు 20 లక్షలకు పైగా హిట్లు వచ్చాయి, పత్రం 3 లక్షల సార్లు డౌన్‌లోడ్ అయింది. ఒక గణిత పత్రానికి ఇది ఊహించని ఆదరణ.

ఇక్కడ రెండు అంకెలున్నాయి, వాటి తేడా తెలుసుకోవాలి. హిట్ అంటే సర్వర్‌కు చేరిన ఒక్కో అభ్యర్థన. ఒక మనిషి ఒక పేజీ తెరిస్తే, అందులోని బొమ్మలకూ విడివిడిగా హిట్లు పడవచ్చు. కాబట్టి 20 లక్షల హిట్లంటే 20 లక్షల మనుషులని కాదు. డౌన్‌లోడ్ అంటే పత్రాన్ని దించుకోవడం. దించుకున్నవారంతా చదివారని కాదు. పైగా ఇంటర్నెట్‌లో తిరిగే ఆటోమేటిక్ ప్రోగ్రాములు కూడా పత్రాలు దించుతుంటాయి. అందుకే ఆర్కైవ్ వారు ఒక్కో పత్రం ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో పాఠకులకు చూపించరు. హిట్లు, డౌన్‌లోడ్లు, చదివినవారు, అర్థం చేసుకున్నవారు, వరుస వరుసా సరిచూసినవారు – ఈ ఐదూ ఐదు వేర్వేరు లెక్కలు. కిందికి పోయేకొద్దీ సంఖ్య తగ్గుతుంది, విలువ పెరుగుతుంది.

కాన్పూర్ పత్రం నిలబడింది 3 లక్షల డౌన్‌లోడ్ల వల్ల కాదు. ఆ రంగపు నిపుణులు కొద్ది రోజుల్లోనే దాన్ని చదివి సరైనదే అన్నారు. హెండ్రిక్ లెన్‌స్ట్రా వంటి వారు నిరూపణను ఇంకా మెరుగుపరిచారు. 2004లో 'ఆనల్స్ ఆఫ్ మేథమెటిక్స్'లో అది అచ్చయింది. 2006లో గోడెల్ బహుమతి, ఫల్కర్సన్ బహుమతి రెండూ దానికి వచ్చాయి.

3. హైదరాబాద్, 2021: చూశారు, సమస్య మాత్రం మిగిలింది

ఇప్పుడు మన ఊరి విషయానికి వద్దాం. డాక్టర్ కుమార్ ఈశ్వరన్ హైదరాబాద్‌లోని శ్రీనిధి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి చెందిన గణిత భౌతిక శాస్త్రవేత్త. రీమాన్ పరికల్పనకు తన నిరూపణను ఆయన 2016లో ఇంటర్నెట్‌లో ఉంచారు. జర్నళ్లు దాన్ని వివరంగా పరిశీలించడానికి ముందుకు రాలేదని వార్తలు తెలిపాయి. 2020లో నిపుణులతో ఒక కమిటీ ఏర్పడి బహిరంగ సమీక్ష జరిపింది. నిరూపణ సరైనదేనని ఆ కమిటీ అభిప్రాయపడటంతోనే 2021లో వార్తలు వచ్చాయి. అయితే ఆ రంగంలో పనిచేసే ప్రపంచ గణితజ్ఞులు దాన్ని నిరూపణగా అంగీకరించలేదు. క్లే సంస్థ నియమాల ప్రకారం పరిష్కారం గుర్తింపు ఉన్న చోట అచ్చు కావాలి, రెండేళ్లు గడవాలి, గణితజ్ఞుల్లో సాధారణ అంగీకారం రావాలి. డౌన్‌లోడ్ల సంఖ్య గురించి ఆ నియమాల్లో ఎక్కడా లేదు.

ఒక మనిషి ఏళ్ల తరబడి పడిన శ్రమను చిన్నచూపు చూడటం మన పని కాదు. పెద్దపెద్దవారికీ ఇదే ఎదురైంది. ఫీల్డ్స్ మెడల్, ఏబెల్ బహుమతి రెండూ పొందిన మైఖేల్ అతియా 2018 సెప్టెంబరులో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఇదే సమస్యను నిరూపించానని ప్రకటించారు. లోకమంతా ఆ ఉపన్యాసం వైపు చూసింది. అయినా ఆ నిరూపణనూ గణితజ్ఞులు ఒప్పుకోలేదు. గణితంలో పేరుకు మినహాయింపు లేదు, జనసంఖ్యకూ లేదు.

మరి జర్నల్‌లో అచ్చు కాకపోతే నిజం కాదా? అదీ కాదు. రష్యాకు చెందిన గ్రిగరీ పెరెల్‌మాన్ 2002, 2003 సంవత్సరాల్లో మూడు పత్రాలు ఆర్కైవ్‌లో పెట్టి ఊరుకున్నారు. ఏ జర్నల్‌కూ పంపలేదు. అవి పాయింకరే సమస్యను పరిష్కరించాయి. అమెరికా, చైనా గణితజ్ఞులు మూడు బృందాలుగా ఏళ్ల తరబడి కూర్చుని ప్రతి మెట్టూ సరిచూసి, వందల పేజీల వివరణలు రాశాక ఆ నిరూపణ స్థిరపడింది. 2010లో క్లే సంస్థ బహుమతి ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. అంటే తేడా జర్నల్‌లో లేదు, డౌన్‌లోడ్లలోనూ లేదు. వేరొకరు కూర్చుని, ప్రతి మెట్టు మీదా కాలు పెట్టి చూసినా కూలలేదు అన్నదే తేడా.

4. తొంభై కోట్ల సాక్షులు

'అంత ఖచ్చితంగా ఉండాలా? చాలామంది ఒప్పుకుంటే సరిపోదా?' అని మీరు అడగవచ్చు. గణితజ్ఞులకు ఆ పట్టుదల ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది రీమాన్ పరికల్పనకు దగ్గరి చుట్టమే.

ప్రతి సంఖ్యనూ ప్రధాన కారణాంకాలుగా విడదీయండి. కారణాంకాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. సరి సంఖ్యలో వస్తే +1, బేసి సంఖ్యలో వస్తే −1 వేయండి.

6 = 2 × 3, కారణాంకాలు రెండు, కాబట్టి +1
8 = 2 × 2 × 2, మూడు, కాబట్టి −1
12 = 2 × 2 × 3, మూడు, కాబట్టి −1
7 ప్రధాన సంఖ్య, ఒకటే, కాబట్టి −1
1 కి కారణాంకాలు సున్నా, సున్నా సరి సంఖ్య, కాబట్టి +1

ఈ +1, −1 వరుస చూస్తే నాణెం ఎగరేసినప్పుడు పడే బొమ్మా బొరుసుల్లాగే ఉంటుంది. నాణెం 10,000 సార్లు ఎగరేస్తే బొమ్మలకూ బొరుసులకూ మధ్య తేడా సాధారణంగా 10,000 వర్గమూలమైన 100 ప్రాంతంలో ఉంటుంది. ఈ +1, −1 ల మొత్తం కూడా, ఎంత దూరం పోయినా, దాదాపు వర్గమూలం స్థాయిని మించి పెరగదని నిరూపిస్తే రీమాన్ పరికల్పన నిరూపించినట్లే. ఈశ్వరన్ గారి వాదనకు ఆధారం కూడా ఈ నాణేల పోలికే. కానీ 'నాణెంలా కనిపిస్తోంది' అనడం వేరు, 'నాణెంలాగే నడుస్తుంది' అని నిరూపించడం వేరు. ఎందుకంటే ఇక్కడ ఎవరూ నాణెం ఎగరేయడం లేదు. ప్రతి గుర్తూ ముందే స్థిరమై ఉంది.

1919లో జార్జ్ పోల్యా ఈ వరుసలో ఒక విషయం గమనించారు. 2 మొదలు ఎక్కడ ఆగి చూసినా, అప్పటిదాకా వచ్చిన సంఖ్యల్లో కనీసం సగం −1 జట్టువే. 10 దాకా చూస్తే అటు 5, ఇటు 5. 20 దాకా చూస్తే −1 జట్టు 12, +1 జట్టు 8. ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందేమోనని ఊహించారు. లక్ష దాకా చూడండి, కోటి దాకా చూడండి, పోల్యా మాటే నెగ్గుతుంది.

1958లో హాసెల్‌గ్రోవ్ ఈ ఊహ తప్పని నిరూపించారు. తప్పయ్యే మొట్టమొదటి చోటు 90,61,50,257 అని 1980లో తనాకా చూపించారు. అంటే 90 కోట్లకు పైగా సంఖ్యలు వరుసగా నిలబడి 'పోల్యా సరే' అని సాక్ష్యం చెప్పాయి. తర్వాతి ఒక్కటి కాదంది. ఆ ఒక్కదానితో ఊహ పోయింది.

తొంభై కోట్ల సరైన ఉదాహరణలే నిరూపణ కానప్పుడు, కొన్ని వేల డౌన్‌లోడ్లు ఎలా అవుతాయి?

5. కలకత్తా, 1945: చూసినవారు తక్కువ, నిలిచింది ఎక్కువ

ఇక మూడో కథ. ఇది మన తెలుగువారిది. పాతబస్తీ నుంచి గచ్చిబౌలి వైపు వెళితే హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో గణితం, సాంఖ్యక శాస్త్రం, కంప్యూటర్ సైన్స్ పరిశోధన సంస్థ ఒకటి సి.ఆర్. రావు గారి పేరిట కనిపిస్తుంది.

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదువుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికే తల్లి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారని ఆయనే చెప్పుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అనుకున్న ఉద్యోగం దొరకలేదు. 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, పెద్ద నమూనాలకు వర్తించే ఒక ఫలితాన్ని ఆయన వివరించారు. 'చిన్న నమూనాలకు కూడా ఇది నిరూపించవచ్చు కదా?' అని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. ఆ రాత్రే కూర్చుని రావు గారు దాన్ని సాధించారు. ఒక విద్యార్థి లేచి అడిగిన ప్రశ్న వల్ల ఒక సిద్ధాంతం పుట్టిందన్నది మనం గుర్తుంచుకోవాలి.

1945లో ఆ ఫలితం, మరికొన్ని ఆలోచనలతో కలిసి 'బులెటిన్ ఆఫ్ ది కలకత్తా మేథమెటికల్ సొసైటీ'లో అచ్చయింది. మొత్తం 11 పేజీలు. లండన్, న్యూయార్క్ జర్నళ్లకున్నంత పాఠకులు ఆ పత్రికకు లేరు. పైగా అవి యుద్ధపు రోజులు. కానీ ఆ 11 పేజీల్లో మూడు పెద్ద విషయాలున్నాయి. ఒకటి, నేడు క్రామర్–రావు అవధి అనే పేరున్న ఫలితం. స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ క్రామర్ కూడా విడిగా దీన్ని సాధించి 1946 పుస్తకంలో ఇచ్చారు. రెండు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం. మూడు, ఇప్పుడు సమాచార జ్యామితి అని పిలిచే శాఖకు పునాది.

ఈ పత్రాన్ని 1992లో సాంఖ్యక శాస్త్రపు మలుపుల సంకలనంలో తిరిగి అచ్చువేశారు. 2023లో రావు గారికి 102వ ఏట అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి ప్రకటించారు. అప్పుడు దేశదేశాల వార్తల్లో 1945 నాటి ఈ పత్రం పేరు వచ్చింది, అచ్చయిన 78 ఏళ్లకు! అదే సంవత్సరం ఆగస్టు 22న ఆయన కన్నుమూశారు.

మనం పైన నేర్చుకున్న కొలతను ఈ పత్రానికి పెట్టి చూడండి. అచ్చయిన రోజున దానికి డీఓఐ నంబరు లేదు, కాబట్టి ప్రోగ్రాం వెతకడానికి ఏమీ లేదు. 2023 వార్తల్లో లింకు ఇచ్చినవారి లెక్కే పడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రాడార్ సంకేతాల మీద పనిచేసే ఇంజనీరు 'క్రామర్–రావు అవధి' అని రాసి ముందుకు పోతాడు, 1945 పత్రాన్ని సైట్ చేయడు. న్యూటన్ నియమం వాడేవారు న్యూటన్ పుస్తకాన్ని సైట్ చేయనట్లే. ఒక ఫలితం అందరి సొత్తయిపోయాక దాని మూలం లెక్కల్లోంచి మాయమవుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో గుర్తించారు.

రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంలోని రెండో పేరు గురించి మన హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవాలి. డేవిడ్ బ్లాక్‌వెల్ అమెరికాలో 1919లో రైల్వే కార్మికుని ఇంట పుట్టిన నల్లజాతి గణితజ్ఞుడు. 22 ఏళ్లకే డాక్టరేట్ పొందారు. 1942లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి ఆయన పేరు పరిశీలనకు వచ్చినా, జాతి వివక్ష అడ్డుపడి ఉద్యోగం రాలేదు. నల్లజాతి విద్యార్థుల హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే 1947లో ఈ సిద్ధాంతాన్ని తాను విడిగా సాధించారు. 1950లలో అదే బర్కిలీ ఆయనను ప్రొఫెసర్‌గా పిలిచింది. 1965లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికైన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే.

ఎవరి పని ఎందరి కంట పడుతుందనేది వారు ఎక్కడ నిలబడ్డారు, ఏ పత్రికలో రాశారు, లోకం వారిని ఏ కంట చూస్తోంది అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. సిద్ధాంతం నిజమా కాదా అన్నది మాత్రం వీటిలో దేని మీదా ఆధారపడదు. మనలాంటి వారికి గణితంలో దొరికే గొప్ప ధైర్యం ఇదే.

6. రావు గారి సిద్ధాంతమే జవాబు చెబుతుంది

క్రామర్–రావు అవధి ఏమంటుందో తేలిక మాటల్లో చూద్దాం. మీ దగ్గరున్న దత్తాంశంలో ఒక విషయం గురించి కొంత సమాచారం ఉంటుంది. పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా, ఆ సమాచారం అనుమతించిన దానికన్నా ఖచ్చితంగా అంచనా వేయలేరు.

ఒక నాణెం 100 సార్లు ఎగరేసి, బొమ్మ పడే సంభావ్యతను అంచనా వేశారనుకోండి. నాణెం సరైనదైతే ఆ అంచనాలో ప్రామాణిక దోషం,

0.5 × 0.5 = 0.25
0.25 ÷ 100 = 0.0025
దాని వర్గమూలం = 0.05

10,000 సార్లు ఎగరేస్తే అది 0.005 అవుతుంది. పది రెట్లు ఖచ్చితత్వం కావాలంటే వంద రెట్లు శ్రమ పడాలి. దీన్ని దాటే అడ్డదారి లేదని రావు గారు చూపించారు.

ఇప్పుడు ఇంకో అడుగు వేద్దాం. అదే నాణేన్ని కోటి సార్లు ఎగరేసినా, అది ఏ సంవత్సరంలో ముద్రించిందో తెలుస్తుందా? తెలియదు. ఎగరేయడంలో ఆ సమాచారమే లేదు. అంకెలు ఎన్ని పోగుచేసినా, వాటిలో లేని సమాచారాన్ని పిండలేం. డౌన్‌లోడ్ల లెక్కలో ఉన్న సమాచారం 'ఎందరి కంట పడింది' అన్నదాని గురించి. 'నాలుగో మెట్టు సరిగ్గా ఉందా' అన్నదాని గురించి కాదు.

అలాగని ఈ కొలతలు దండగ అనుకోకండి. ఏ విషయం మీద జనానికి ఆసక్తి ఉందో ఇవి త్వరగా చెబుతాయి. ఒక పత్రం గురించి ఎవరెవరు ఏమన్నారో వెతికి చదవడానికి దారి చూపుతాయి. పరిశోధన చేసే మన పూర్వ విద్యార్థులకు నా సలహా: మీ పత్రానికి శాశ్వత నంబరు ఉండేలా చూసుకోండి, వీలైతే అందరికీ ఉచితంగా అందేలా ఉంచండి, అందులో ఏముందో తెలుగులో ఒక పేజీ రాయండి. మంచి పని కంట పడేలా చేయడం తప్పు కాదు. కంట పడిందే మంచిదని అనుకోవడమే తప్పు.

7. వార్త వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

'మనవాళ్లు ఫలానా సమస్య తేల్చేశారు' అని ఫోన్‌లో వార్త వస్తే, ఇంకొకరికి పంపే ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

(1) ఇందులో చెప్పిన అంకె హిట్లదా, డౌన్‌లోడ్లదా, సైటేషన్లదా?
(2) పత్రం ఎక్కడ ఉంది? ఎవరైనా తెరిచి చదవవచ్చా?
(3) రచయితతో సంబంధం లేని, ఆ రంగంలో పనిచేసే నిపుణులు సరిచూశారా? వారు పేరు పెట్టి చెప్పారా?
(4) ఎవరైనా ఒక మెట్టు మీద అభ్యంతరం చెప్పారా? దానికి జవాబు వచ్చిందా?
(5) బహుమతి ప్రకటించిన సంస్థ తన జాబితాలో ఇప్పుడు ఏమని రాసింది?

జవాబులు దొరకకపోతే 'నిరూపించారు' అనకండి, 'నిరూపించామంటున్నారు' అనండి. ఆ చిన్న మార్పుతో మీరు అబద్ధం చెప్పినవారు కారు, ఎవరి శ్రమనూ అవమానించినవారూ కారు.

8. అభ్యాసం

(అ) 1 నుంచి 50 దాకా సంఖ్యలను కారణాంకాలుగా విడదీసి, పైన చెప్పినట్లు +1, −1 వేయండి. 20 దగ్గర మొత్తం −4 రావాలి. 50 దాకా ఎక్కడైనా పోల్యా ఊహ తప్పిందేమో చూడండి.
(ఆ) నలుగురు మిత్రులు కలిసి ఒక్కొక్కరు నాణెం 100 సార్లు ఎగరేయండి. నలుగురి అంచనాలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో 0.05తో పోల్చండి.
(ఇ) ఒక పత్రానికి 3 వార్తలు, 4 బ్లాగు వ్యాసాలు వచ్చాయి. మూల విలువలతో స్కోరు ఎంత? ఆ స్కోరు చూసి పత్రం గురించి చెప్పలేని మూడు విషయాలు రాయండి.
(ఈ) మీ గణితం పుస్తకంలోని ఏదైనా ఒక నిరూపణను స్నేహితునికి వివరించండి. ప్రతి మెట్టు దగ్గరా 'ఎందుకు?' అని అడగమనండి. జవాబు చెప్పలేని మెట్టు ఎక్కడ వచ్చిందో గుర్తు పెట్టుకుని, మరునాడు క్లాసులో లేచి సార్‌ను అడగండి.

నాలుగో అభ్యాసమే అన్నిటికన్నా ముఖ్యం. 1944లో కలకత్తా క్లాసులో లేచిన ప్రశ్నను ఎవరూ లైక్ చేయలేదు, షేర్ చేయలేదు. అది విన్న మాస్టారు మాత్రం ఆ రాత్రి కూర్చుని లెక్క చేశారు.